ట్వైలా చేతికి అమరిన తుపాకీ

ట్వైలా స్ట్రౌడ్‌కి అలసట కొత్త కాదు. బడి వంటశాలలో మొదటిసారి గరిటె పట్టిననాడు ఆవిడ జుట్టు తేనెరంగులో ఉండేది. ఇప్పుడు వలటోపీ కింద అంతా బూడిదే. అప్పట్లో ఆవిడ వడ్డించిన బీన్స్ చూసి మూతి ముడిచిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని, తమ పిల్లల్ని అదే బడికి పంపుతున్నారు. ఆ పిల్లలూ ఆ బీన్స్ చూసి మూతి ముడుస్తున్నారు. మిసోరి దక్షిణపు కొండల్లో చాలా మారాయి గానీ అదొక్కటీ మారలేదు.

ఇంటికొస్తే రెండో కొలువు. భర్త గేలన్ ఒకప్పుడు కలప లారీ తోలేవాడు. మంచు పేరుకున్న మలుపుల్లో కూడా దుంగల బండిని ఒంటిచేత్తో తిప్పగలడని పేరు. ఆ చెయ్యే ముందు వణకడం మొదలుపెట్టింది. పార్కిన్సన్స్ అన్నారు. మొదట లారీ పోయింది, తర్వాత కారు తాళాలు పోయాయి, ఆ తర్వాత రంపం, నిచ్చెన. ఒక్కొక్కటీ గేలన్ చేతిలోంచి జారి ట్వైలా చేతిలో పడుతూ వచ్చింది. కట్టెలు చీల్చడం ఆవిడే, పొయ్యి గొట్టంలో మసి దులపడం ఆవిడే, కోళ్ళకి నీళ్ళు పెట్టడం ఆవిడే. పొద్దున్నే ఆయన చొక్కా గుండీలు పెట్టడం కూడా ఆవిడే. చివరికి గేలన్‌కంటూ మిగిలింది ఒక్క పని, ఇంటి కాపలా. మంచం పక్కన తుపాకీ, ఎవరైనా తోటలోకొస్తే లేచి చూడటం.

ఒక సాయంత్రం కోళ్ళ గూట్లో పోసమ్, అదే, పిల్లి అంత ఉండి కోళ్ళని తినే అడవి జంతువు, దూరింది. గోల విని గేలన్ చిన్న రైఫిల్ పట్టుకుని బయటికి నడిచాడు. తుపాకీ మూతి గాలిలో సున్నాలు చుడుతోంది. పేల్చాడు. గుండు వెళ్ళి ట్రక్కు అద్దానికి తగిలింది. కోడి పోయింది, అద్దం పోయింది. పోసమ్ మాత్రం తీరుబడిగా కంచె దాటి వెళ్ళిపోయింది.

గేలన్ లోపలికొచ్చి రైఫిల్ ఖాళీ చేసి, బల్ల మీద పడుకోబెట్టి కూర్చున్నాడు. 

"ఇక నేను పట్టుకోను ట్వైలా. నువ్వు పట్టుకోవాలి."

"ఇంకేం పట్టుకోమంటావయ్యా? నాకున్నవి రెండే చేతులు. ఒకదాంట్లో నీ గుండీలు, ఇంకోదాంట్లో నీ మాత్రలు."

"చిన్నదొకటి కొందాం. రివాల్వర్. షెరీఫ్ పోలీసుల కారు ఊళ్ళోంచి బయల్దేరి ఇక్కడికొచ్చేసరికి దొంగ కాఫీ కాచుకు తాగి, కప్పు కడిగి పెట్టి మరీ వెళ్తాడు."

"కప్పు కడిగిపెట్టే దొంగైతే రానీ. వెళ్ళనివ్వను, ఉంచేసుకుంటాను."

గేలన్ నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేవాడు. అది చూసి ట్వైలా ఊరుకుంది.

ఆ శనివారం ఇద్దరూ తుపాకుల కొట్టుకి వెళ్ళారు. కొట్టువాడు గడ్డం నిమురుకుంటూ గేలన్ వైపే తిరిగి మాట్లాడాడు. ట్వైలా పక్కనే నిలబడి ఉన్నా ఆవిణ్ణి ఒక్క మాటా అడగలేదు.

"మీ ఆవిడకా? అయితే ఇది చూడండి పెద్దాయనా. చేతిసంచీలో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు."

అరచేతిలో ఇమిడిపోయే బుల్లి రివాల్వర్. కుందేలు పిల్లంత బరువు కూడా లేదు. పిడి లేత నీలం.

"ఉన్నట్టే తెలియకపోతే అవసరానికి దాన్ని వెతుక్కునేదెలా?" అంది ట్వైలా.

కొట్టువాడు మొహమాటానికి నవ్వి మళ్ళీ గేలన్‌తోనే మాట కలిపాడు. జబ్బుతో గేలన్ గొంతు కూడా సన్నబడిపోయింది. ఆయన గొణిగిన ప్రతి మాటా ట్వైలా గట్టిగా తిరిగి చెప్పాల్సి వచ్చింది. తనకి నచ్చని వస్తువు కోసం తన నోటితోనే బేరం నడిపిందన్నమాట. వద్దనవచ్చు. కానీ కొన్నాళ్ళుగా కొయ్యలా బిగుసుకుపోయిన ఆ ముఖంలో ఆవేళ కాస్త వెలుగు కనబడింది. రివాల్వర్ గుళ్ళ చక్రం తిప్పి చూస్తూ, గొట్టంలోకి వెలుతురు పెట్టి చూస్తూ మళ్ళీ పాత గేలన్‌లా ఉన్నాడు. దాని ముందు లేత నీలం పిడి ఏపాటిది అనుకుంది.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఇంటి వెనక ఎర్రమట్టి గట్టుకి అట్టపెట్టె ఆనించి, గేలన్ కుర్చీ తన వెనకాల వేసి, చెవులు మూసుకునే తొడుగులు పెట్టుకుని నిలబడింది. మొదటి గుండుకే చేతిని కారు తలుపులో పెట్టి మూసినట్టయింది. రెండోదానికి గుండు పేలకముందే కళ్ళు మూసుకుంది. మూడోది పేల్చలేదు.

"ఇంకోటి," అన్నాడు గేలన్.

"నువ్వే పేల్చుకో."

ఆ మాట నోరు జారింది. వెనక్కి తీసుకోవాలనుకునేలోపే ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

సోమవారం వంటశాలలో గరిటె చేజారి గ్రేవీ అంతా నేలపాలైంది. కుడి బొటనవేలు మొదట్లో ఏళ్ళనాటి కీళ్ళనొప్పి. దాని మీద ఈ దెబ్బ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంటికొచ్చి తుపాకీని బట్టల బీరువాలో పైఅరలో పెట్టి తాళం వేసింది.

"నన్నొక్క మాట అడిగావా?" అంది ఆ రాత్రి కూర వేడి చేస్తూ. "పొయ్యి అడగలేదు, ట్రక్కు అడగలేదు, కోళ్ళు అడగలేదు. అన్నీ వచ్చి నా ఒళ్ళో పడ్డాయి. ఇదైనా అడిగి పడేయాల్సింది."

"అడిగితే వద్దంటావుగా."

"అంటాను."

"అందుకే."

 మొక్కజొన్న రొట్టె ఆయన కంచంలో సగం అలాగే ఉండిపోయింది.

ఆ నెలలోనే చర్చిలో అందరూ తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే భోజనం జరిగింది. అక్కడ నెల్డా పికార్డ్ వచ్చి వీళ్ళ బల్ల దగ్గర కూర్చుంది. నెల్డా చాలాకాలం జైల్లో కాపలా ఉద్యోగం చేసి మానేసింది. ఇప్పుడు శనివారాలు ఆడవాళ్ళకి తుపాకీ పట్టడం నేర్పుతుంది. ఏం మాట్లాడినా ఆ చివర బల్ల దాకా వినిపించే గొంతు.

"ఆ వేలికి కట్టేమిటే? పొయ్యి దగ్గర కాల్చుకున్నావా?"

"లేదు. మా ఆయన కొనిచ్చిన కానుక."

విషయం విని నెల్డా ఫోర్కు కింద పెట్టేసింది. "ఈ మగాళ్ళందరిదీ ఒకటే లెక్క. ఆడదానికి చిన్న చెయ్యి, కాబట్టి చిన్న తుపాకీ. చిన్నది మోయడానికి సుఖమేనమ్మా, పేలిస్తే నరకం. బరువున్నదైతే పేలినప్పటి తన్ను అదే మింగుతుంది. బరువు లేనిదైతే నీ చేతికి తంతుంది. పెళ్ళాం ఇంట్లో కూర్చుంటే మొగుడు వెళ్ళి ఆవిడకి చెప్పులు కొనుక్కొస్తాడా? కాలు ఎవరిదో వాళ్ళే వెళ్ళాలి."

"నేనిక్కడే ఉన్నాను నెల్డా," అన్నాడు గేలన్ సన్నగా.

"చూశానులే. అందుకే గట్టిగా చెప్తున్నా."

గేలన్ చాలాసేపు బంగాళదుంపల్ని ఫోర్కుతో కెలికాడు. ఇంటికొచ్చే దారిలో కారులో అన్నాడు, "శనివారం వెళ్ళు. నేనూ వస్తాను. నోరెత్తను."

నిజంగానే నోరెత్తలేదు. నెల్డా పొడుగాటి బల్ల మీద రకరకాల రివాల్వర్లు ఖాళీగా పరిచింది. ట్వైలాని కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పట్టుకోమంది. "తుపాకీ అందం చూడకు. వేలు పేల్చే మీటని హాయిగా అందుకుంటోందా లేదా, అదొక్కటే చూడు." ఒకదాని పిడి లావు, ఒకదాని మీట రాయిలా బిగువు. ఇంకొకటి బాగానే ఉంది గానీ చక్రం తెరిచే మీట సరిగ్గా ఆవిడ నొప్పి వేలికే పని పెడుతోంది. చివర్లో ఒక పాతది పట్టుకుంది. నల్ల రబ్బరు పిడి, ఉక్కు ఒళ్ళు, మొదటిదానికన్నా గొట్టం కాస్త పొడుగు, పక్కన ఎవరో గీసుకున్న గీత. ఏళ్ళ తరబడి పట్టుకున్న గరిటె పిడిలా చేతిలో కూర్చుంది.

నెల్డా మెత్తగా పేలే గుళ్ళు పెట్టి ఇచ్చింది. ట్వైలా పేల్చింది. చెయ్యి కొద్దిగా పైకి లేచి మళ్ళీ దిగింది, అంతే. కాగితం మీద ఓ మూల చిల్లు పడింది.

"ఎక్కడ తగిలిందన్నది తర్వాత," అంది నెల్డా. "కళ్ళు తెరుచుకునే ఉన్నావా?"

"ఉన్నాను."

"అయితే సగం పని అయిపోయింది."

నీలం పిడిది కొట్టుకి తిరిగి వెళ్ళిపోయింది, గీతపడ్డది ఇంటికొచ్చింది. దాన్ని పెట్టడానికి మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనప్పెట్టె కూడా కొన్నారు. వంటింటి బల్ల దగ్గర ట్వైలా దానికి నంబరు పెడుతుంటే గేలన్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు."

"నేను బడిలో ఉన్నప్పుడు నీకు అవసరమైతే?"

"నాకు అవసరం రాకూడదు ట్వైలా. అందుకే చెప్పకంటున్నా."

ట్వైలా వేలు మీట మీదే ఆగిపోయింది. పోయిన చలికాలపు సాయంత్రాలు కొన్ని గుర్తొచ్చాయి. తను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉండేది, దీపం వేసి ఉండేది కాదు, చల్లటి గదిలో ఆయన ఒక్కడే రైఫిళ్ళ బీరువాకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేవాడు. ఏం చేస్తున్నావంటే "ఏం లేదు, ఊరికే" అనేవాడు. పనిలో పడి తను మళ్ళీ అడిగేది కాదు. ఇప్పుడూ అడగలేదు. అడగక్కర్లేకపోయింది. నంబరు పెట్టి, పెట్టె మూసి, లేచి వెళ్ళి రైఫిళ్ళ బీరువాకి కూడా తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. ఆయన చూశాడు.  ఆ రాత్రి సూప్ మాత్రం గిన్నె ఖాళీ చేశాడు.

అప్పట్నుంచి వారంలో కొన్ని సాయంత్రాలు అంట్లు తోమాక వంటింట్లో సాధన. గుళ్ళ పెట్టె వేరే గదిలో ఉంచేది. చక్రం తెరిచి తను చూసి, ఆయనకి చూపించి, ఇద్దరూ ఖాళీ అనుకున్నాకే ఉత్తుత్తి తూటాలు పెట్టేది. గేలన్ కుర్చీలోంచి పాఠం చెప్పేవాడు. గొట్టం చివర ఒక సెంటు నాణెం నిలబెట్టి, అది పడకుండా మీట లాగమనేవాడు. మొదట్లో నాణెం పొయ్యి కిందకి దొర్లేది. వంగి తీయడానికి ట్వైలా మోకాళ్ళు ఒప్పుకునేవి కావు.

"చీపురు తెచ్చుకోవే."

"నోరు మూసుకోవయ్యా మాస్టారూ."

"మీట దగ్గరికి వేలు ఎప్పుడు పోవాలి?"

"పేల్చాలని తేల్చుకున్నాకే."

"దాని వెనకాల ఏముంది?"

"వెనకాల నా ఫ్రిజ్జుంది. పేలిస్తే పాలు కారతాయి."

ఇలాంటి రోజుల్లో ఇల్లు కాస్త ఇల్లులా ఉండేది. కొన్ని రోజులైతే తుపాకీ చేతిలోకి తీసుకోకుండానే బల్ల మీద తల వాల్చి నిద్రపోయేది. గేలన్ లేపేవాడు కాదు. లేచి దుప్పటి కప్పలేడు, అందుకని తన స్వెట్టర్ విప్పడానికి తంటాలు పడి, చివరికి టీవీ శబ్దం తగ్గించి ఊరుకునేవాడు. రివాల్వర్ అంటే ఆవిడకి ఇష్టం పుట్టిందని కాదు. ఇస్త్రీపెట్టె అంటే ఎవరికి ఇష్టం? కానీ అది చేతిలో ఉంటే భుజాలు బిగుసుకోవడం మానేశాయి. నెల్డా దగ్గర కాగితం మీద చిల్లులు ఒకదాని దగ్గరికి ఒకటి చేరాయి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, బడి తెరిచిన కొత్తలో, ట్వైలా ఇంటికొచ్చి కారు దిగుతుండగా పెరట్లోంచి గేలన్ గొంతు వినిపించింది. పిలుపు కాదు, ఎవరో గొంతు నొక్కినట్టు ఓ శబ్దం. ఇంటి పక్కకి తిరిగి చూసింది. కొట్టం ముందు నీడలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు బిగుసుకుపోయిన ఘడియ అది. అలాంటప్పుడు నేలకి మేకులు కొట్టినట్టు ఉండిపోతాడు, లేవలేడు. ఆయనకి ఎదురుగా, పట్టపగలు, ఒక స్కంక్ నడిచొస్తోంది. పగలు కనబడే జంతువు కాదది, మనిషిని చూస్తే తోకెత్తి కంపు చిమ్మి పారిపోతుంది. ఇది పారిపోవడం లేదు. తాగినవాడిలా పక్కకి తూలి పడుతూ, నోటి చుట్టూ తడితో, మళ్ళీ లేచి ఆయన వైపే వస్తోంది. పిచ్చి పట్టిందని చూడగానే తెలిసింది. ఆ వేసవిలో పక్క లోయలో ఒక దూడ అలాగే పోయింది.

ట్వైలా లోపలికి పరిగెత్తింది. పరుగంటే పరుగు కాదు, ఆ కాళ్ళతో అయినంత. నంబరు వేళ్ళే నొక్కాయి. గుళ్ళు కూర్చి బయటికొచ్చేసరికి అది కుర్చీకి మరీ దగ్గర్లో ఉంది. చెయ్యెత్తింది. ఎత్తి ఆగింది. అది తూలి అటు జరిగితే దాని వెనకాల గేలన్ మోకాళ్ళే.

"పక్కకి రా," అన్నాడు గేలన్. ఆ సన్నగొంతు మామూలుగా ఎవరికీ వినబడదు. ఆవిడకి వినబడింది. "నా పక్కకి... కొట్టం వైపుకి."

స్కంక్ మీంచి చూపు తిప్పకుండా, తుపాకీ నేలవైపు దించి, కోళ్ళ కంచె చుట్టూ నడిచి ఆయన భుజం పక్కన నిలబడింది. ఇప్పుడు దాని వెనకాల ఎర్రమట్టి గట్టు తప్ప ఏమీ లేదు.

"తల వద్దు. పిచ్చో కాదో పరీక్ష చెయ్యడానికి తల కావాలి."

"తెలుసు, నోరు మూసుకో."

మొదటి గుండు మట్టిని ఎగరగొట్టింది. అది చెదిరి ఇంకా ముందుకే వచ్చింది. రెండోసారి ఆవిడ మీటని నాణెం పడిపోతుందేమోనన్నంత మెల్లగా లాగింది. స్కంక్ ఒక్కసారి గుండ్రంగా తిరిగి గేలన్ బూటుకి బెత్తెడు దూరంలో పడింది. పడుతూ పడుతూ చివరి కంపు ఇద్దరి మీదా కొట్టింది.

ట్వైలా చక్రం తెరిచి గుళ్ళన్నీ దులిపేసి, తుపాకీ కంచెస్తంభం మీద పెట్టి, నేల మీద కూలబడింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు. అది కంపుకా ఏడుపుకా అంటే ఆవిడకే తెలియదు. పైన కుర్చీలోంచి ఏదో కుదుపు చప్పుడు వినిపించింది. గేలన్ నవ్వుతున్నాడు. ముఖం కదలడం లేదు, భుజాలు కదులుతున్నాయి.

"ఇంత కంపు కొట్టే పెళ్ళాం ఈ జిల్లాలో ఇంకొకర్తె లేదు," అన్నాడు.

"నిన్ను నువ్వు వాసన చూసుకోలేదు."

ఆరోగ్యశాఖ మనిషి వచ్చి ముక్కుకి గుడ్డ కట్టుకుని దాన్ని తీసుకెళ్ళాడు. రేబిస్ అనే తేలింది. అదృష్టవశాత్తూ దాని పన్నుగానీ, చొంగగానీ గేలన్‌ని తాకలేదన్నారు. ఆ సాయంత్రం ట్వైలా ఆయన్ని పెరట్లోనే తొట్టిలో కూర్చోబెట్టి సబ్బూ సోడా కలిపిన నీళ్ళతో రుద్ది రుద్ది కడిగింది. బట్టలు కాల్చేసింది. అయినా బడిలో వారమంతా పిల్లలు ముక్కులు మూసుకునే వరసలో నిలబడ్డారు.

ఒళ్ళు తుడుస్తున్నప్పుడు గేలన్ అన్నాడు, "కుర్చీలో కదల్లేక కూర్చున్నప్పుడు ఒకటి తెలిసింది. నాకు చావాలని లేదు."

ట్వైలా తువ్వాలు ఆపలేదు. "పోయిన చలికాలం ఉండేదా?"

"కొన్నాళ్ళు. నీకో బరువు తగ్గుతుందనిపించేది."

"బరువు తగ్గడం కావాలంటే కోళ్ళని అమ్మేస్తాను," అంది ఆవిడ. "అలాంటి ఆలోచన మళ్ళీ వస్తే నాతో చెప్పు. పొయ్యి దగ్గరున్నా, నిద్రలో ఉన్నా సరే. డాక్టరుకీ చెప్దాం."

"చెప్తాను."

చెప్పాడు కూడా. డాక్టరు మందు మార్చింది. మనసు విప్పి మాట్లాడటానికి ఒక మనిషిని కుదిర్చింది. గురువారాల్లో ట్వైలా వంటశాల నుంచి తిన్నగా ఆయన్ని ఊళ్ళోకి తీసుకెళ్ళేది. అది ఇంకో పని. ఆయన లోపల మాట్లాడుతుంటే తను కారులో సీటు వెనక్కి వాల్చి కునుకు తీసేది. రైఫిళ్ళన్నీ తీసుకుపొమ్మని మేనల్లుడు కర్టిస్‌కి గేలనే ఫోన్ చేయించాడు. కర్టిస్ వాటిని దుప్పట్లో చుట్టి ట్రక్కులో పెడుతుంటే గేలన్ గుమ్మంలో నిలబడి ఒక్కోదాని గురించి ఒక్కో కథ చెప్పాడు. ఏది కుడివైపు లాగుతుందో, ఏది వానలో తడిసి ఎలా తుప్పు పట్టబోయిందో. ట్రక్కు మలుపు తిరిగాక, కాఫీ కావాలన్నాడు.

ఆ తర్వాత గేలన్ ఇంకో రెండు చలికాలాలు చూశాడు. మూడోదానికి ముందే, ఆకులు రాలే రోజుల్లో, ముందుగదిలో మంచం మీద, ట్వైలా చెంచాతో ఆపిల్ గుజ్జు పెడుతుండగా మింగడం మర్చిపోయాడు. నెల్డా వచ్చి అంట్లు తోమి, కోళ్ళని గూట్లో మూసి, ఆ రాత్రి అక్కడే సోఫాలో పడుకుంది.

ట్వైలా ఇంకా బడిలో వండుతూనే ఉంది. శనివారాల్లో నెల్డా దగ్గరికి వెళ్తుంది, పేల్చి వస్తుంది, తుడిచి పెట్టెలో పెడుతుంది. పేల్చడం అయ్యాక ఇద్దరూ ఊళ్ళో హోటల్లో వేయించిన చేప తింటారు. మొన్న తింటూ తింటూ ట్వైలా అడిగింది.

"నెల్డా, ఈ అలుపు ఎప్పటికి తీరుతుందే?"

"నాకు తెలిస్తే నీకు చెప్పనా?" అంది నెల్డా, వడ్డించే అమ్మాయిని పిలిచి ఇద్దరికీ పళ్ళు పెట్టి కాల్చిన తీపి 'పై' చెరో ముక్క తెమ్మంటూ. పీచ్ అయిపోయింది, చెర్రీ ఉందంది ఆ అమ్మాయి. చెర్రీయే తెమ్మన్నారు.